టైరు ఒక్క క్షణంలో పేలదండి

(సంక్రాంతికి వారం ముందు రావులపాలెంలో కారు, వ్యాను, లారీ నడిపేవాళ్ల కోసం పెట్టిన సమావేశంలో ఒక టైర్ల షాపు యజమాని మాట్లాడిన మాటలు. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారమండి. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఈ వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మీకొక వస్తువు చూపించాలి, అది అంత దూరం నుంచి కనపడదు. నాకన్నా ముందు మాట్లాడిన పెద్దలు స్పీడు గురించి, మందు గురించి, నిద్ర గురించి చెప్పారు. అవన్నీ నిజం. నేను టైర్ల మనిషిని. ముప్పయ్యేళ్లుగా టైరు విప్పడం, టైరు బిగించడం, ఇదే నా పని. అందుకని టైరు గురించే చెప్తాను.

ఇదిగో, బల్ల మీద ఉన్నది చూశారా? పేలిపోయిన కారు టైరు. ఒకసారి ఈ పైభాగం చూడండి, రోడ్డుకి తగిలేది. గ్రిప్పు ఎంత బాగుందో! కొని పధ్నాలుగు నెలలే అయింది అప్పటికి. ఇప్పుడు ఈ పక్క చూడండి. సైడు మొత్తం, చుట్టూతా, కత్తి పెట్టి కోసినట్టు ఊడిపోయింది. పైభాగం కొత్తది, పక్కభాగం చచ్చిపోయింది. ఇది ఎలా జరుగుతుంది? ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఇదే.

ఇది మా మేనల్లుడి కారు టైరు. వాడు హైదరాబాదులో ఉంటాడు. నాలుగేళ్ల కిందట, భోగికి ముందురోజు రాత్రి పదకొండింటికి బయల్దేరారు. కార్లో ఐదుగురు. వాడు, కోడలు, ఇద్దరు పిల్లలు, మా చెల్లెలు. డిక్కీ నిండా సామాను, పైన క్యారియర్ మీద ఇంకో రెండు సూట్‌కేసులు. పండక్కి వచ్చే కారు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు కదండీ. విజయవాడ దాటారు, ఏలూరు దాటారు, తణుకు కూడా దాటారు. సిద్ధాంతం వంతెన ఇంకా రాలేదు. ఇల్లు అరగంట దూరం. ఢామ్మని చప్పుడు. వెనక కుడివైపు టైరు. వాడు కంగారులో బ్రేకు మీద నిలబడ్డాడు. బండి వెనకభాగం పక్కకి తిరిగిపోయి, గిర్రున తిరిగి, డివైడర్‌కి కొట్టుకుంది. దేవుడి దయ వల్ల ప్రాణాలు పోలేదు. వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్న మా చెల్లెలికి భుజం దగ్గర ఎముక విరిగింది. ఈ రోజుకీ ఆ చెయ్యి పూర్తిగా పైకి లేవదు.

ఆసుపత్రి వరండాలో వాడు నన్ను అడిగిన మాట ఒకటే. "మావయ్యా, టైరు కొత్తదే కదా. ఎందుకు పేలింది?"

ఎందుకు పేలింది? ఊళ్లో తలొకరూ ఒకటి చెప్పారు. ఎండకి పేలిందన్నారు. ఎండ ఎక్కడుందండీ? జనవరి నెల, తెల్లవారుజాము ఐదు, పల్చగా మంచు కూడా ఉంది. గాలి ఎక్కువ కొట్టించి ఉంటాడు, అందుకే పేలిందన్నారు. టైరు కంపెనీ మంచిది కాదన్నారు. వేళ బాగోలేదన్నారు. నేను ఆ టైరు షాపుకి తెచ్చుకుని, తలుపు వేసుకుని, నిదానంగా కోసి చూశాను. టైరు అబద్ధం చెప్పదండి. లోపల అంతా రాసి ఉంటుంది.

ఏం రాసి ఉందో చెప్పే ముందు ఒక చిన్న లెక్క. మామూలు కారు టైరు, 185/65 ఆర్ 15 అనుకోండి. అది ఒక్కసారి తిరిగితే రెండు మీటర్లకి కాస్త తక్కువ దూరం వెళ్తుంది. అంటే కిలోమీటరుకి ఐదొందల చుట్లు. తిరిగిన ప్రతిసారీ ఏం జరుగుతుంది? రోడ్డుకి ఆనేది మన అరచేయంత భాగం. ఆ భాగం బరువుకి నలుగుతుంది, దాని పైనున్న సైడు బయటికి ఉబ్బుతుంది, రోడ్డు వదలగానే మళ్లీ సాగి మామూలుగా అవుతుంది. నలగడం, సాగడం. నలగడం, సాగడం. 100 స్పీడులో సెకనుకి పధ్నాలుగు సార్లు. హైదరాబాదు నుంచి మన రావులపాలెం వచ్చేసరికి సుమారు రెండు లక్షల సార్లు. రెండు లక్షల సార్లండి, ఒక్క రాత్రిలో!

మీరు చిన్నప్పుడు ఇనుప తీగని చేత్తో విరిచారా? అటూ ఇటూ వంచుతుంటే ఏమవుతుంది? ముందు వంగిన చోట వేడెక్కుతుంది. వేలు పెడితే చురుక్కుమంటుంది. తరవాత పుటుక్కుమంటుంది. టైరూ అంతే. గాలి సరిగ్గా ఉంటే ప్రతి చుట్టుకీ కొంచెమే వంగుతుంది. పుట్టిన వేడి గాలికి చల్లారిపోతుంది. గాలి తక్కువుంటే ఎక్కువ వంగుతుంది, ఎక్కువ వేడి పుడుతుంది, చల్లారే లోపల ఇంకో పధ్నాలుగు సార్లు వంగుతుంది. రబ్బరు వేడిని త్వరగా బయటికి వదలదు. లోపలే దాచుకుంటుంది. వేడికి రబ్బరు మెత్తబడుతుంది, లోపలి దారాలని పట్టుకున్న పట్టు వదులుతుంది. దారాలు ఒకదానికొకటి రాసుకుంటాయి. ఇంకా వేడి. ఒక దశ దాటాక దాన్ని ఎవరూ ఆపలేరు. ఆ దశ చివర్లో మనకి వినపడేది ఆ ఢామ్మనే చప్పుడు. మనం చప్పుడు విన్న క్షణాన్నే టైరు పేలిన క్షణం అనుకుంటున్నాం. అది చావడం రెండు గంటల ముందు మొదలైంది. దానికి కారణం రెండు నెలల ముందు మొదలైంది.

ఇప్పుడు ఈ టైరు లోపలికి చూడండి. ఫోన్ లైటు వేస్తాను. తమ్ముడూ, నువ్వు ఇలా రా, నీ వేలు ఇక్కడ పెట్టి రాయి. ఏం అంటుకుంది? నల్లపొడి. కాటుకలా ఉంది కదా? అందరికీ చూపించు. అది బయటి మట్టి కాదు. టైరు లోపలి పొర గాలి లేక నలిగి నలిగి, తనలో తను అరిగి, పొడి అయిపోయింది. ఇది కనపడితే ఆ టైరు గాలి తక్కువతో చాలా దూరం నడిచిందని అర్థం. ఇంకా చూడండి, సైడు లోపల చుట్టూతా గాజులాగా ఒక గీత. అక్కడే మడత పడింది. ఆ గీత వెంబడే ఊడిపోయింది. ఊడిన అంచు దగ్గర ఈ దారాలు చూడండి, కుచ్చుకుచ్చుగా. కొబ్బరి డొక్క చీరితే పీచు ఎలా వస్తుంది? అచ్చం అలా ఉంది. మేకు గుచ్చుకుని పేలిన టైరు ఇలా ఉండదు. రాయి కోసిన టైరు ఇలా ఉండదు. ఇది వేడికి ఉడికిపోయిన టైరు.

మరి గాలి ఎందుకు తగ్గింది? ఇది చెప్పడం నాకు కష్టమేనండి, అయినా చెప్తాను. పంక్చరు ఎక్కడా లేదు. గాలి కొట్టే వాల్వు పట్టుకుని వంచి చూశాను. మొదలు దగ్గర రబ్బరు నెర్రెలిచ్చింది. వంచితే నెర్రె తెరుచుకుంటోంది. అక్కడినుంచి రోజుకి ఇంత అని గాలి పోయింది. కొత్త టైరు వేసినప్పుడు పాత రబ్బరు వాల్వు తీసేసి కొత్తది వెయ్యాలి. దాని ఖరీదు ఒక భోజనం ఖరీదంత ఉండదు. ఆ టైరు వేసింది ఎవరో తెలుసా? నేనే. ప్రమాదానికి ఏడాది పైచిలుకు ముందు, దసరాకి వచ్చినప్పుడు నా షాపులో, నా చేత్తోనే వేశాను. వాడు తొందర పడుతున్నాడు, వాల్వు పైకి బాగానే కనపడింది, వదిలేశాను. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నా షాపులో వాల్వు మార్చకుండా ఒక్క టైరు కూడా బయటికి పోలేదు. మీరు ఎక్కడ టైరు మార్పించుకున్నా సరే, దగ్గర నిలబడి అడగండి. "వాల్వు మార్చారా?" అని అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

మిగతా మూడు టైర్లు గేజీ పెట్టి చూశాను, గాలి ఒత్తిడి కొలిచేది. 27, 28, 26 పాయింట్లు, అంటే పీఎస్‌ఐ. ఆ బండికి ఐదుగురు, సామాను ఉంటే 36 ఉండాలి. అంటే మిగతావీ అదే దారిలో ఉన్నాయి. వాడిని అడిగితే, "బాగానే ఉన్నాయి మావయ్యా, చూస్తే ఏమీ తేడా కనపడలేదు" అన్నాడు. కనపడదండి. రేడియల్ టైరు సైడు ఎప్పుడూ కొంచెం ఉబ్బే ఉంటుంది. పది పాయింట్లు తగ్గినా కంటికి తెలియదు. కాలితో తన్ని చూస్తారు కొందరు. ఆ దెబ్బకీ తెలియదు. గేజీకే తెలుస్తుంది. ఏ లోపమూ లేని టైరులో కూడా నెలకి ఒకటీ రెండు పాయింట్లు తగ్గడం సహజం. దసరాకి నింపి సంక్రాంతి దాకా చూడకపోతే ఎంత తగ్గుతుందో మీరే లెక్క వేసుకోండి.

ఇక్కడ ఒక మాట. మన గోదావరి జిల్లాల్లో బాగా పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది. "ఎండాకాలం కదా, ఓ నాలుగు పాయింట్లు తక్కువ పెట్టు, వేడికి గాలి పెరిగి పేలుతుంది." నా షాపుకి రోహిణి కార్తెలో వచ్చే పదిమందిలో సగం మంది ఈ మాటే అంటారు. చెయ్యెత్తండి, మీలో ఎంతమంది అలా పెట్టిస్తారు? చూశారా, ఎన్ని చేతులో! మీరు అనుకున్న దాంట్లో సగం నిజం ఉంది. వేడికి గాలి ఒత్తిడి పెరుగుతుంది. పొద్దున 33 ఉన్నది హైవే మీద గంట నడిచాక 37, 38 అవుతుంది. అవనివ్వండి. బండి చేసినవాడు ఆ పెరుగుదల లెక్క చూసుకునే 33 అని రాశాడు. బాగున్న కారు టైరు గాలి ఒత్తిడికి పగలాలంటే దానికి ఎన్నో రెట్లు గాలి కావాలి. కానీ మీరు నాలుగు తగ్గిస్తే ఏమవుతుంది? ఎక్కువ వంగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. అసలే రోడ్డు కాలిపోతోంది, బయటి నుంచి చల్లారే దారి లేదు. పేలకూడదని మీరు చేసిన పనే దాన్ని పేలుడు దగ్గరికి తీసుకెళ్తుంది. ఎండాకాలం గాలి తగ్గించకండి. మళ్లీ చెప్తున్నాను, ఎండాకాలం గాలి తగ్గించకండి. దారిలో ఆగి గేజీ పెడితే ఎక్కువ చూపించిందని గాలి వదిలేవాళ్లున్నారు. వేడి టైరులోంచి గాలి ఎప్పుడూ తియ్యకండి.

అందుకే గాలి చూసే వేళ పొద్దున్నే. బండి కనీసం మూడు గంటలు కదలకుండా ఉండాలి. బంకుకి వెళ్లి చూపించుకుంటారా, అది రెండు మూడు కిలోమీటర్ల లోపలే ఉండాలి. ఎంత పెట్టాలి? డ్రైవరు తలుపు తియ్యండి, తలుపు మూసుకునే చోట ఒక స్టిక్కరు ఉంటుంది. కొన్ని బళ్లకి పెట్రోలు మూత లోపల ఉంటుంది. అందులో రెండు అంకెలుంటాయి. ఇద్దరో ముగ్గురో ఉంటే ఒకటి, నిండా మనుషులూ సామానూ ఉంటే ఇంకొకటి. పండగ ప్రయాణానికి ఆ రెండోది పెట్టాలి. టైరు సైడు మీద 44 అనో 51 అనో రాసి ఉంటుంది, అది ఆ టైరు తట్టుకునే గరిష్ఠం. అది మీ బండికి పెట్టాల్సిన గాలి కాదు. ఇంకోటి, బంకుల్లో గేజీలు దెబ్బలు తిని తిని తప్పు చూపిస్తుంటాయి. మీ సొంత గేజీ ఒకటి కొనుక్కోండి, కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. స్టెప్నీ కూడా చూడండి. అవసరం పడిన రోజున అందులో గాలి ఉండకపోవడం మేం రోజూ చూస్తాం.

ఇదంతా టైర్ల షాపువాడి మాట అనుకుంటారేమో, పెద్ద విషయం ఒకటి చెప్తాను. 2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచింది. ఎక్కువగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ అనే పెద్ద బళ్లకి వేసినవి. హైవే మీద వెళ్తుంటే పైపొర ఉక్కు వైర్లతో సహా ఊడొచ్చేసేది, బండి పల్టీ కొట్టేది. ప్రభుత్వం లెక్క కట్టిన మరణాలు 271. టైరు కంపెనీ, కారు కంపెనీ ఒకరి మీద ఒకరు తప్పు వేసుకున్నారు. టైర్లలో లోపం ఉంది, అది తేలింది. కానీ ఎక్కడ ఎక్కువ పేలాయి? టెక్సాస్, ఆరిజోనా, ఫ్లోరిడా, కాలిఫోర్నియా లాంటి వేడి రాష్ట్రాల్లో. ఎప్పుడు? స్పీడుగా పోతున్నప్పుడు. ఆ బండికి కారు కంపెనీ చెప్పిన గాలి ఎంత? 26 పాయింట్లు. వేడి, స్పీడు, బరువు, తక్కువ గాలి. టైరులో ఉన్న చిన్న లోపాన్ని ఈ నాలుగూ కలిసి చావు దాకా తీసుకెళ్లాయి. ఆ గొడవ తరవాతే అక్కడ చట్టం వచ్చి, గాలి తగ్గితే డాష్‌బోర్డులో వెలిగే దీపం అన్ని కార్లకీ తప్పనిసరి అయింది. ఇప్పుడు మన బళ్లలోనూ వస్తోంది. కానీ ఒకటి గుర్తుంచుకోండి. ఆ అమెరికా రూలు ప్రకారం దీపం వెలగాల్సింది గాలి పావు వంతు తగ్గినప్పుడు. 32 ఉండాల్సింది 24కి పడేదాకా వెలగకపోవచ్చు. దీపం రాలేదంటే అంతా బాగున్నట్టేనని అనుకోకండి.

ఇక బరువు. టైరు సైడు మీద 88 హెచ్ లాంటిది రాసి ఉంటుంది. 88 అంటే ఆ టైరు 560 కిలోలు మొయ్యగలదు. హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల స్పీడు దాకా తట్టుకుంటుంది. ఇవి రెండూ గాలి పూర్తిగా ఉంటేనే. గాలి తగ్గితే మోసే బరువూ తగ్గిపోతుంది. ఇప్పుడు పండగ అయ్యాక హైదరాబాదు తిరిగి వెళ్లే కారు గుర్తు తెచ్చుకోండి. బియ్యం బస్తా, అంబాజీపేట కొబ్బరికాయలు, అరిసెల డబ్బాలు, పచ్చళ్ల జాడీలు, అమ్మ ప్రేమ కొద్దీ పెట్టిన ఓ అరటి గెల. వచ్చినప్పటికన్నా వందా నూటయాభై కిలోలు ఎక్కువతో బయల్దేరుతుంది. పెట్టనివ్వండి, పిల్లలకి పెట్టుకోకపోతే ఎవరికి పెట్టుకుంటారు? కానీ ఆ పొద్దున్న గాలి చూసి పంపండి. ఆ అరిసెల డబ్బాతో పాటు అదీ మీ పనే అనుకోండి.

లారీ తమ్ముళ్లు చాలామంది ఉన్నారు. భీమవరం, ఆకివీడు నుంచి చేపలు ఐసులో పెట్టి హౌరా దాకా తీసుకెళ్లేవాళ్లున్నారు. మీకు నేను బరువు గురించి చెప్పేదేముంది? ఐసు కూడా బరువే, నీళ్లు లీటరుకి కిలో. చేప తూకం వేస్తారు గానీ ఐసు తూకం వెయ్యరు. మీకు చెప్పాల్సింది లోపలి టైరు గురించి. వెనక జంట చక్రాల్లో బయటిది కనపడుతుంది, లోపలిది కనపడదు. లోపలిదానిలో గాలి పోతే బండి ఒరగదు, బయటిది దాని బరువు కూడా మోస్తుంది. అప్పుడు రెండూ చస్తాయి. ఒకటి ఆకలితో, ఒకటి మోతతో. బండి ఆపిన ప్రతిచోటా రాడ్డు తీసుకుని టైరు మీద కొట్టడం మన పాత డ్రైవర్ల అలవాటు. మంచి అలవాటు. గాలి ఉన్నది ఖంగుమంటుంది, లేనిది మొద్దుగా మోగుతుంది. దాన్ని వదలకండి, దాని మీదే పూర్తిగా ఆధారపడకండి. కొత్త టైరుని, అరిగిన టైరుని జంటగా వెయ్యకండి. ఎత్తు ఎక్కువున్నదే మొత్తం మోస్తుంది. రెండు టైర్ల మధ్య ఇరుక్కున్న రాయి తీసెయ్యండి. రీబటన్ టైర్లని, అంటే అరిగిన టైరు మీద కొత్త పైపొర వేసినవాటిని, అందరూ తిడతారు. బాగా చేసిన రీబటన్ బాగానే నడుస్తుంది. లోపలి టైరు చచ్చిపోయాక పైన కొత్త చొక్కా తొడిగితేనే ఊడిపోతుంది.

పంక్చరు షాపు కుర్రాళ్లు ఇక్కడెవరైనా ఉంటే, మీ కోసం ఒక్క మాట, శ్రద్ధగా వినండి. గాలి లేకుండా నడిచిన లారీ టైరు వస్తుంది. పంక్చరు వేసి మళ్లీ గాలి కొడతాం. లోపల సైడులో ఉక్కు వైర్లు అప్పటికే విరిగి ఉంటాయి. పైకి ఏమీ కనపడదు. 60, 70 పాయింట్లు ఎక్కేసరికి జిప్పు తెరిచినట్టు సైడు మొత్తం చీరుతుంది. ఎదురుగా ఉన్న మనిషి మిగలడు. ఇనప బోనులో పెట్టి, పొడవాటి పైపుతో, దూరంగా పక్కకి నిలబడి గాలి కొట్టండి. టైరు మీద కూర్చుని కొట్టకండి నాయనా.

కాలవ గట్టు రోడ్ల సంగతి. మన డెల్టాలో సగం ప్రయాణం గట్ల మీదే. అంచులు విరిగిపోయి ఉంటాయి, ఎదురుగా వరికోత మిషనో, కొబ్బరి లోడు ట్రాక్టరో వస్తుంది, ఎడమ చక్రాలు అంచు దిగుతాయి, మళ్లీ ఎక్కేటప్పుడు ఠప్పున కొట్టుకుంటాయి. ఆ దెబ్బకి సైడులో దారాలు తెగుతాయి. రెండు రోజుల తరవాత అక్కడ నిమ్మకాయంత ఉబ్బు వస్తుంది. ఆ ఉబ్బు దగ్గర గాలిని ఆపుతున్నది ఉత్త రబ్బరే. దానికి రిపేరు లేదు. ఎవరైనా చేస్తామన్నా చేయించుకోకండి. "ఊరెళ్లొచ్చాక మారుస్తాను" అన్నవాళ్లని నేను చూశాను. గట్టు మీద తిన్న దెబ్బ పదిహేను రోజుల తరవాత హైవే మీద బయటపడుతుంది. కారు కడిగేటప్పుడు సైడు మీద చెయ్యి చుట్టూతా తిప్పండి, లోపలి వైపు కూడా.

ఇప్పుడు మన కోనసీమకే ప్రత్యేకమైన సంగతి. కువైట్ నుంచి, దుబాయ్ నుంచి రెండేళ్లకోసారి వస్తారు. ఇంట్లో కారు కొని పెట్టి ఉంటారు. ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు తిరుగుతుందో లేదో. మిగతా రోజులు కొబ్బరి చెట్టు కిందో, పెరట్లోనో. దిగగానే కుటుంబాన్ని ఎక్కించుకుని తిరుపతి బయల్దేరతారు. "టైర్లు కొత్తవేనండి, అరగనే లేదు" అంటారు. అరగలేదు, కానీ ముసలివయ్యాయి. గాలిలోని ఆక్సిజను, ఓజోను, ఎండ రబ్బరుని గట్టిపరుస్తాయి. రబ్బరుని కాపాడడానికి కంపెనీవాళ్లు లోపల మైనం లాంటి మందు కలుపుతారు. టైరు తిరిగి వంగుతుంటేనే ఆ మందు పైకి వస్తుంది. కదలని కారుకి అది రాదు. అందుకే కదలని కారు టైరే ముందు నెర్రెలిస్తుంది, ఎండిన చేలో నెర్రెల్లాగా. వయసు ఎలా తెలుస్తుంది? సైడు మీద గుడ్డు ఆకారంలో ఒక గీత, అందులో నాలుగంకెలు ఉంటాయి. 3518 అని ఉంటే 2018లో 35వ వారంలో తయారైంది. అది ఒక వైపే ఉంటుంది, లోపలి వైపు పడితే వంగి చూడాలి. ఐదేళ్లు దాటిందంటే ఏటా తెలిసినవాడికి చూపించండి. పదేళ్లు దాటిందంటే గ్రిప్పు ఎంతున్నా తీసెయ్యండి. సెకండ్ హ్యాండ్ టైరు కొనేవాళ్లు ధర అడిగే ముందు ఈ నాలుగంకెలు చూడండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. సైడులో పంక్చరు పడితే వెయ్యించుకోకండి, టైరు మార్చండి. పైభాగంలో పడితే బయటినుంచి స్ట్రిప్పు గుచ్చడం ఊరు చేరడానికే. తరవాత టైరు విప్పించి లోపలినుంచి ప్యాచ్ వేయించండి. నైట్రోజన్ గురించి అడుగుతుంటారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. అది కొట్టిస్తే నష్టం లేదు, తేమ ఉండదు, కొంచెం నెమ్మదిగా తగ్గుతుంది. అయితే నైట్రోజన్ కొట్టించాం కదా అని గేజీ చూడడం మానేస్తే మాత్రం ముప్పే. గుండు టైరుతో హైవే ఎక్కకండి. గాట్ల మధ్యలో చిన్న దిమ్మెలుంటాయి, గ్రిప్పు వాటికి సమానంగా అరిగిందంటే 1.6 మిల్లీమీటర్లే మిగిలింది. మహారాష్ట్రలో 2022 డిసెంబరులో నాగపూర్ నుంచి షిర్డీ దాకా సమృద్ధి రోడ్డు తెరిచాక టైర్లు పేలి ప్రమాదాలు జరుగుతుంటే, ఎక్కే చోటే టైర్లు చూసి అరిగినవాటిని వెనక్కి పంపడం మొదలుపెట్టారు. ఆగకుండా గంటల తరబడి నడిచే రోడ్డు మీద టైరుకి చల్లారే తీరిక ఉండదు.

అందుకే టీకి ఆగినప్పుడు ఒక పని చెయ్యండి. నాలుగు టైర్ల చుట్టూ నడిచి, అరచేతి వెనకభాగాన్ని టైరు సైడుకి దగ్గరగా పెట్టండి. నాలుగూ ఒకేలా వెచ్చగా ఉండాలి. ఒకటి మాత్రం మిగతావాటికన్నా కాలుతుంటే అందులో గాలి తక్కువుంది, లేదా ఆ చక్రానికి బ్రేకు పట్టేసింది. మా మేనల్లుడు ఆ రాత్రి విజయవాడ దాటాక టీకి ఆగాడు. వెనకభాగం కొంచెం ఊగుతున్నట్టు అప్పటికే అనిపించిందట. రోడ్డు బాగోలేదేమో అనుకున్నాడు. టైరు రెండడుగుల దూరంలో ఉంది.

చివరిగా, పేలితే ఏం చెయ్యాలి? ఇది ఇంటికి వెళ్లాక ఊరికే సీట్లో కూర్చుని, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, మనసులో చేసి చూడండి. చప్పుడు వచ్చింది. బ్రేకు తొక్కకండి. కాలు తనంతట తనే బ్రేకు మీదకి పోతుంది, దాన్ని ఆపాలి. బ్రేకు తొక్కితే మూడు టైర్లు పట్టుకుంటాయి, నాలుగోది పట్టుకోదు, బండి తిరిగిపోతుంది. స్టీరింగు రెండు చేతులతో బిగించి పట్టుకుని బండిని తిన్నగా ఉంచండి, అంతే. ముందు టైరు పోతే ఆ పక్కకి లాగుతుంది. వెనక టైరు పోతే తోక ఊగుతుంది. రెండింటికీ మందు ఒకటే. యాక్సిలరేటరు మీద కాలు ఒక్కసారిగా తియ్యకుండా మెల్లగా వదలండి. బండి తనే నెమ్మదిస్తుంది. బాగా నెమ్మదించాక ఇండికేటరు వేసి ఎడమ అంచుకి తీసుకెళ్లండి. జొన్నాడ దగ్గర గౌతమి వంతెన మీదో, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ వంతెన మీదో జరిగితే అక్కడ ఆగకండి. పాకించుకుంటూ వంతెన దాటించండి. చక్రం రిమ్ము పాడవుతుంది, పాడవనివ్వండి. ఆగాక అందరూ ఎడమ తలుపు నుంచి దిగి, రెయిలింగు అవతలకి పోయి నిలబడాలి. బండి పక్కన నిలబడి ఫోన్లు మాట్లాడకూడదు. కుడి చక్రం మార్చాలంటే వెనకనుంచి వచ్చే లారీకి మీ వీపు కనపడాలి, చీకట్లో కనపడదు. సాయం పిలవండి. బైకు మీదున్నవాళ్లు ముందు టైరు పోతే ముందు బ్రేకు ముట్టుకోకండి. ట్యూబు టైరు అయితే గాలి ఒక్కసారే పోతుంది, హ్యాండిల్ గట్టిగా పట్టుకుని వేగం తగ్గనివ్వండి. కార్లో వెనక కూర్చున్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకోండి. మా చెల్లెలి చెయ్యి గుర్తు చేసుకుని పెట్టుకోండి.

ఇంతసేపు విన్నారు, సంతోషం. ఈ టైరు ఇక్కడే ఉంటుంది, లోపల చెయ్యి పెట్టి చూసి వెళ్లండి. పొద్దున తొమ్మిదింటికి వచ్చిన బళ్లన్నీ మూడు గంటలుగా ఆ చెట్ల నీడలోనే ఉన్నాయి, టైర్లు చల్లారి ఉంటాయి. గేజీ నా జేబులో ఉంది, కంప్రెసరు ఆటోలో తెప్పించాను. డ్రైవరు తలుపు తీసి స్టిక్కరు మీద అంకె చూసి చెప్పండి. ముందు ఎవరి బండి?